గువ్వలచెరువు ఘాట్‌లో రాత్రి ప్రయాణం: తెల్ల ఎల్‌ఈడీ బల్బులు వేయించాక దారి ఇంకా తక్కువగా కనిపిస్తోంది

రాయచోటి బాటసారి (కడప) అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. నేను కడపలో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్నలు రాయచోటి దగ్గరి పల్లెలో ఉంటారు కాబట్టి శనివారం మధ్యాహ్నం వెళ్ళి, ఆదివారం రాత్రి భోజనం చేశాక తిరుగు ప్రయాణమవుతాను. దూరం పెద్దది కాకపోయినా మధ్యలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. పగటిపూట పాలకోవా కోసం సరదాగా ఆగే ఊరు దాటి, రాత్రి పదింటికి ఘాట్ దిగుతూ ఉంటే, ఎదురుగా వరసగా లారీలు ఎక్కి వస్తూ ఉంటాయి. మలుపు ఎక్కడ మొదలవుతుందో, రోడ్డు అంచు ఎక్కడ ముగుస్తుందో తెలియక స్టీరింగును బిగించి పట్టుకుని దిగడమే అవుతోంది.

నా కారు 2014 నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్. హెడ్‌లైట్లు హెచ్4 బల్బులవి, అంటే వెలుగును ముందుకు తిప్పికొట్టే ఒకే మెరుపు గిన్నెలో డిమ్మూ బ్రైటూ రెండూ వచ్చే రకం. రెండు మూడేళ్ళుగా వెలుతురు తగ్గుతూ వస్తోందని అనిపించి, మూడు నెలల కిందట ఒక దుకాణంలో చూపించాను. వారు లోపలి తీగ వేడెక్కి వెలిగే పాత హాలోజెన్ బల్బులు తీసివేసి, వెనక చిన్న ఫ్యాను ఉన్న తెల్ల ఎల్‌ఈడీ బల్బులు బిగించి, ఇక మీకు రాత్రి అనేదే ఉండదని చెప్పారు. దుకాణం ముందున్న గోడ మీద చూసినప్పుడు నాకూ అలాగే అనిపించింది. రోడ్డెక్కాక సంగతి వేరుగా ఉంది. బండి ముందర పది పదిహేను మీటర్ల మేర సున్నం చల్లినట్టు తెల్లగా ఉంటుంది, దాని అవతల ఏమీ కనిపించదు. నేను డిమ్‌లో వస్తున్నా ఎదుటివారు దీపాలు ఆర్పి వెలిగిస్తూ డిప్పర్ కొడుతూనే ఉంటారు. పోయిన నెల వాన రాత్రి అయితే రోడ్డు మధ్యలోని తెల్లగీత కూడా కనిపించక, ఒక లారీ వెనక ఎర్రదీపాలను చూసుకుంటూ ఘాట్ దిగాను.

ఇప్పుడు ఒకరు 100/90 వాట్ల హాలోజెన్ బల్బులు వేయించుకోమంటున్నారు, మరొకరు ఇంకా ఎక్కువ శక్తి ఉన్న ఎల్‌ఈడీలు వేయించమంటున్నారు, ఇంకొకరు బంపరు మీద పసుపు ఫాగ్ ల్యాంపులు చాలంటున్నారు. అయిదారు వేల రూపాయల వరకూ ఖర్చు పెట్టగలను. ఏది ముందు చేయించాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఆటోనగర్ పాతకాపు (అనంతపురం) సమాధానం:

బాటసారి గారూ, నేను ఇరవై ఏళ్ళకు పైగా బండ్ల కరెంటు పని చేసినవాడిని. మీరు రాసిన ముగ్గురి సలహాలూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీ కారుకు వాట్లు తక్కువై దారి కనిపించకపోవడం లేదు. ఉన్న వెలుతురు పడవలసిన చోట పడటం లేదు, పడే వెలుతురు కూడా సగం దారిలోనే ఖర్చయిపోతోంది.

మొదట బల్బు సంగతి చెబుతాను. హెచ్4 హాలోజెన్ బల్బును చేతిలోకి తీసుకుని చూస్తే లోపల రెండు తీగలు కనిపిస్తాయి. 60 వాట్లది బ్రైట్‌కు, 55 వాట్లది డిమ్‌కు. డిమ్ తీగ కింద చిన్న దొన్నె ఆకారంలో ఒక లోహపు రేకు ఉంటుంది. ఆ దొన్నె వెలుగును గిన్నె కింది సగానికి పోనివ్వదు. పై సగానికి తగిలిన వెలుగు మాత్రమే కిందికి వంగి రోడ్డు మీద పడుతుంది, ఎదుటివాడి కళ్ళు బతికిపోతాయి. గిన్నె లోపలి వంపులన్నీ ఆ తీగ ఉండే చోటును బట్టి లెక్కగట్టి పోసినవి కాబట్టి, వెలుగు పుట్టే చోటు ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఆ లెక్క చెడిపోతుంది. మీకు బిగించిన ఎల్‌ఈడీలో సన్నని తీగకు బదులు రెండు పక్కలా చదునైన చిప్పులుంటాయి. వాటి వెలుగు ఎక్కువే, కానీ ఆ గిన్నె దానిని పోగుచేసి దూరానికి పంపలేక కొంత మీ బంపరు ముందరా, కొంత ఎదుటి డ్రైవరు మొహం మీదా చిమ్ముతుంది. దగ్గర నేల అంత తెల్లగా వెలిగినప్పుడు మీ కంటిపాప చిన్నదవుతుంది, అందువల్ల దూరాన ఉన్న కాస్త వెలుతురు కూడా కంటికి అందదు. గోడ మీద పగలులా కనిపించినది రోడ్డు మీద చీకటి కావడానికి కారణం ఇదే.

రెండవది, పాత హాలోజెన్ ఎందుకు మందగించిందన్న ప్రశ్న. పదేళ్ళ కారు కాబట్టి ముందు దీపాల పైతొడుగును చూడండి. అది గాజు కాదు, పాలికార్బనేటు. మన సీమ ఎండకు దాని పైపూత చచ్చి, పసుపు పట్టి, పాలపొరలా తయారవుతుంది. ఆ పొర వెలుగును తగ్గించడంతో ఆగక చెదరగొడుతుంది కూడా. టూత్‌పేస్టుతో రుద్దే చిట్కా వారం రోజుల ముచ్చట. 800 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) మొదలుపెట్టి 1000, 1500, 2000, 3000 వరకూ నీళ్ళు చల్లుకుంటూ రుద్ది, పాలిష్ పట్టి, ఆ మీద అతినీలలోహిత కిరణాలకు ఆగే క్లియర్ పూత వేయించాలి. ఆ చివరి పూత వేయకుండా వదిలేసే దుకాణాలే ఎక్కువ. పూత లేకపోతే కొన్ని నెలలకే మళ్ళీ పసుపు పడుతుంది. లోపలి గిన్నె మెరుపు కాలిపోయి నల్లబడి ఉంటే మాత్రం రుద్ది లాభం లేదు, దీపం మొత్తం మార్చవలసిందే.

మూడవది, ఎవరూ కొలవనిది, వోల్టేజి. ఇంజిను నడుస్తూ డిమ్ వెలుగుతూ ఉండగా మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు హోల్డరు వెనక ఒకసారి కొలవండి. బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉండి హోల్డరు దగ్గర 12.4 మాత్రమే వస్తోందనుకుందాం. పోయింది ఒకటిన్నర వోల్టే కదా అనిపిస్తుంది. కానీ హాలోజెన్ వెలుతురు వోల్టేజితో సరిసమానంగా తగ్గదు, దాదాపు వోల్టేజికి 3.5 ఘాతం లెక్కన, అంటే దానికన్నా చాలా వేగంగా తగ్గుతుంది. ఆ ఒకటిన్నర వోల్టు వైర్లలో వేడి కింద పోతే, మీ వెలుతురులో దాదాపు మూడో వంతు పోయినట్టే. సన్నని పాత వైర్లు, కాలిన స్విచ్ మొనలు, తుప్పుపట్టిన ఎర్త్ బోల్టు, ఈ మూడే సాధారణంగా దొంగలు. డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు) పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా లావు వైరు నేరుగా దీపాలకు తెస్తే స్విచ్ మీద బరువంతా దిగిపోతుంది. రిలేలో 30 అంకె ఉన్న కాలుకు బ్యాటరీ, 87 అంకె కాలు నుంచి దీపం, 85, 86 కాళ్ళకు పాత స్విచ్ వైర్లు కలుపుతారు. కొన్ని కార్లలో స్విచ్ ఎర్త్ వైపున ఉంటుంది కాబట్టి చేసేవాడు ముందు అది చూసుకుని కలపాలి. ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, లేకపోతే వైరు ఎక్కడైనా ఒరుసుకున్న రోజు నిప్పంటుకుంటుంది.

100/90 సంగతి చెప్పనే లేదు కదా. 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్లు లాగితే, 90 వాట్లది ఏడున్నర లాగుతుంది. పాత వైరింగులో ఆ బల్బు వేస్తే వోల్టేజి ఇంకా పడిపోతుంది, హోల్డరు కరుగుతుంది, గిన్నె మెరుపు కాలిపోతుంది. కరిగిపోయిన హోల్డర్లు నా పెట్టెలో ఇప్పటికీ గుప్పెడు ఉన్నాయి. పైగా అది నియమాలు ఒప్పుకోని బల్బు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని అడ్డుకుంటుంది.

హంద్రీ ఒడ్డు (కర్నూలు) సమాధానం:

పాతకాపు గారు చెప్పినదంతా చేయించాక కూడా, దీపాలను సరిగ్గా వంచకపోతే పెట్టిన డబ్బంతా దండగ. ఆ పని దుకాణం మీద వదలకుండా మీరే ఇంటి గోడ ముందు చేసుకోవచ్చు. నేను ప్రతి సంవత్సరం చలికాలం మొదట్లో చేసుకుంటాను, అరగంట కూడా పట్టదు.

చదునైన నేల, ఎదురుగా నిలువు గోడ ఉన్న చోటు వెతకండి. చక్రాలలో గాలి సరిగ్గా ఉండాలి, డ్రైవరు సీటులో ఒక మనిషి కూర్చోవాలి, డిక్కీ ఖాళీగా ఉండాలి, డ్యాష్‌బోర్డు మీది దీపాల ఎత్తు చక్రం సున్నా మీద ఉండాలి. బండిని గోడకు ఆనించినంత దగ్గరగా తెచ్చి, రెండు దీపాల నడిమి చుక్కలు పడే చోట గోడ మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టండి. తర్వాత బండిని తిన్నగా 10 మీటర్లు వెనక్కి తీయండి. డిమ్ వేస్తే గోడ మీద పైన చీకటి, కింద వెలుగుగా ఒక అంచు కనిపిస్తుంది. మనం ఎడమవైపు నడిచే దేశం కాబట్టి ఆ అంచు ఎడమ చేతి వైపున కాస్త పైకి లేస్తుంది. అడ్డంగా ఉన్న భాగం మీ గుర్తు కన్నా 10 సెంటీమీటర్లు కిందగా, పైకి లేచే మూల సరిగ్గా ఆ గుర్తుకు కిందగా పడాలి. మీ దీపం మీద ఒక శాతం అనో, 1.2 శాతం అనో ముద్ర ఉండవచ్చు. 1.2 అని ఉంటే 10కి బదులు 12 సెంటీమీటర్లు దించండి. దీపం వెనక రెండు మరలుంటాయి, ఒకటి పైకీ కిందికీ, రెండవది పక్కలకూ తిప్పుతుంది. ఒక దీపాన్ని గుడ్డతో కప్పి రెండవదానిని సరిచేస్తే గందరగోళం ఉండదు. మీది ఒకే గిన్నె కాబట్టి డిమ్ కుదిరితే బ్రైట్ దానంతట అదే కుదురుతుంది.

ఈ పది సెంటీమీటర్లకు అర్థం ఏమిటో ఒక లెక్క చెబుతాను. దీపం నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తున ఉండి, ఒక శాతం వంగి ఉంటే వెలుగు అంచు 65 మీటర్ల దూరాన నేలను తాకుతుంది. రెండు శాతం వంచితే 32 మీటర్లకే తాకుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, కాలు బ్రేకు మీదకు వెళ్ళే ఒకటిన్నర సెకనులో 25 మీటర్లు, పొడిరోడ్డు మీద బ్రేకు పట్టాక ఇంకో 20 మీటర్లు పోతాము. అంటే 45 మీటర్లలో ఆగగలం. 80 కిలోమీటర్ల వేగంలో అదే దాదాపు 68 మీటర్లు అవుతుంది. అందువల్ల ఎంత చక్కగా వంచిన డిమ్ అయినా 80కి చాలదు. దీపం కిందికి వాలిపోయి ఉంటే 60కి కూడా చాలదు. ఎదుటివారు తిడుతున్నారని కొందరు మరను తిప్పి దీపాలను నేలకేసి దించుకుంటారు, అది ఇంకా ప్రమాదం.

మీరు పల్లె నుంచి తిరిగి వస్తున్నారు కాబట్టి అడుగుతున్నాను. డిక్కీలో ఏమి వేసుకుని వస్తారు? రెండు వేరుశనగ మూటలు వేస్తే వెనక దిగి ముందు లేస్తుంది. ముక్కు ఒక్క డిగ్రీ లేచినా 10 మీటర్ల దగ్గర వెలుగు 17 సెంటీమీటర్లు పైకి పోతుంది, అంటే మీ గుర్తు కన్నా పైకి ఎక్కి లారీ డ్రైవరు కళ్ళలో పడుతుంది. ఎత్తు చక్రం ఉన్నది అందుకే. బరువున్నప్పుడు దానిని 2 మీదకో 3 మీదకో తిప్పాలి. ఒకసారి తిప్పి దీపం కదులుతోందో లేదో చూడండి, పదేళ్ళ బండ్లలో ఆ చిన్న మోటారు చాలా వరకు మూగబోయి ఉంటుంది.

తాడిపత్రి బండరాయి (తాడిపత్రి) సమాధానం:

పెద్దలు చెప్పిన సిద్ధాంతం బాగుంది గానీ, రోడ్డు మీద న్యాయం వేరుగా ఉంది. ఇటు తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీలు, బండల లారీలు రాత్రంతా తిరుగుతాయి. వాటిలో చాలావాటికి కాబిన్ మీద తెల్ల దీపాల వరస ఉంటుంది. వాటి ఎదుట 55 వాట్ల పసుపు వెలుగు వేసుకుని వెళ్తే ఆ రెండు క్షణాలూ మనం గుడ్డివాళ్ళమే. నేను రెండేళ్ళుగా ఎల్‌ఈడీలే వాడుతున్నాను, నాకు ఇబ్బంది లేదు, ఎవరూ డిప్పర్ కొట్టడం లేదు. బాటసారి గారికి దొరికినవి నాసిరకం బల్బులై ఉంటాయని నా అనుమానం.

ఆటోనగర్ పాతకాపు (అనంతపురం) సమాధానం:

బండరాయి గారూ, మీ కారు దీపం ముందర గుండ్రని కటకం ఉందా? ఉంటే అది ప్రొజెక్టరు. అందులో వెలుగు అంచును కోసే రేకు బల్బులో కాకుండా దీపంలోనే ఉంటుంది కాబట్టి, ఏ బల్బు వేసినా అంచు నిలుస్తుంది, ఎదుటివాడికి బాధ తక్కువ. దూరపు వెలుతురు అందులో కూడా బల్బును బట్టి మారుతుంది, అది వేరే చర్చ. బాటసారి గారిది వట్టి గిన్నె. మీ అనుభవం ఆయనకు వర్తించదు.

ఎదుటి లారీ వెలుగుకు మన వెలుగు జవాబు కాదు. ఆ లారీ డ్రైవరు కళ్ళు కూడా మూసుకుపోతే, ఇద్దరు గుడ్డివాళ్ళు సన్నని రోడ్డు మీద ఎదురెదురు వస్తున్నట్టే లెక్క. ముందు దీపం ఎదుటివారి కళ్ళు చెదరకుండా కిందికి వంగి ఉండాలని కేంద్ర మోటారు వాహన నియమాలలో 106వ నియమం ఉన్నది కూడా అందుకే. లారీ దగ్గరికి వచ్చేటప్పుడు చూపును దాని దీపాల మీద పెట్టకుండా ఎడమ అంచు గీత మీద పెట్టి, వేగం తగ్గించడం తప్ప వేరే దారి లేదు.

ఫాగ్ ల్యాంపుల గురించి కూడా ఒక మాట. పసుపు వెలుగు మంచును చీల్చుకుని పోతుందని చెప్పి అమ్ముతారు. మంచులోని నీటి బిందువులు అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. ఫాగ్ ల్యాంపు పనిచేసేది రంగు వల్ల కాదు, అది బంపరు కింద తక్కువ ఎత్తున ఉండి, వెలుగును వెడల్పుగా, నేలకు దగ్గరగా పరచడం వల్ల. ఘాట్ మలుపులలో పక్క అంచు కనిపించడానికి అది నిజంగా పనికొస్తుంది. బంపరు పైన, దీపాల ఎత్తున పెడితే ఆ ప్రయోజనం పోతుంది. మీ బడ్జెట్‌లో అది చివరి పని, మొదటిది కాదు.

ప్రొద్దుటూరు మాస్టారు (ప్రొద్దుటూరు) సమాధానం:

బల్బుల పాండిత్యం నాకు లేదు, నా కథ మాత్రం చెబుతాను. నేను కూడా మైదుకూరు రోడ్డు మీద రాత్రి ప్రయాణాలలో ఏమీ కనిపించక రెండుసార్లు బల్బులు మార్పించాను. ఎదుటి దీపం చుట్టూ ఇంద్రధనుస్సులా ఒక వలయం కనిపించేది, అది వాళ్ళ దీపాల దోషమే అనుకున్నాను. చివరికి కంటి వైద్యుని దగ్గరకు వెళ్తే కుడి కంటిలో శుక్లం ముదురుతోందని తేలింది. ఆపరేషను అయ్యాక అదే కారు, అవే బల్బులు, దారి చక్కగా కనిపిస్తోంది. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చీకటిలో మునుపటిలా విచ్చుకోదు కూడా. మీ వయసు రాయలేదు, నలభై దాటి ఉంటే అద్దాల నంబరు ఒకసారి చూపించుకోండి.

ఇంకొకటి. ముందు అద్దాన్ని లోపలి వైపు ఎప్పుడు తుడిచారు? ఎండలో నిలబెట్టిన కారులో ప్లాస్టిక్ ఆవిరి అద్దానికి సన్నని జిడ్డులా పడుతుంది. పగలు అది కంటికి ఆనదు, ఎదురు వెలుగు పడినప్పుడు అద్దమంతా పొగమంచులా వెలుగుతుంది. అరిగిన వైపర్లు గీసిన విల్లు ఆకారపు గీతలది కూడా ఇదే సంగతి. వీటికి ఖర్చు దాదాపు లేదు.

రాయచోటి బాటసారి (కడప):

అందరికీ ధన్యవాదాలు. మూడు వారాలు తీసుకుని ఒక్కొక్కటిగా చేశాను కాబట్టి ఫలితం వివరంగా రాస్తున్నాను.

ముందు మాస్టారు గారి మాట ప్రకారం అద్దం లోపలివైపు తుడిస్తే గుడ్డ గోధుమరంగుకు తిరిగింది. కళ్ళద్దాలు నాలుగేళ్ళ నాటివి, నంబరు మారిందన్నారు, మార్పించాను. తర్వాత ఎల్‌ఈడీలు తీయించి, మామూలు 60/55 హాలోజెన్ బల్బులు రెండూ కొత్తవి వేయించాను. గాజును వేలితో తాకితే జిడ్డు అంటిన చోట వేడెక్కి తొందరగా పోతుందని పనివాడు చెప్పి, కాగితంతో పట్టుకుని బిగించాడు. కొలిస్తే బ్యాటరీ దగ్గర 14.1, కుడి హోల్డరు దగ్గర 12.3 వోల్టులు వచ్చాయి. రిలేలు పెట్టి, ఎర్త్ బోల్టు గీకి శుభ్రం చేశాక అదే హోల్డరు దగ్గర 13.6 వచ్చింది. నేను నమ్మలేక రెండుసార్లు కొలిపించాను. పైతొడుగులు రుద్దించి పూత వేయించాను. అన్నీ కలిపి అయిదు వేలు దాటలేదు.

గోడ ముందు పెట్టి చూస్తే కుడి దీపం అంచు గుర్తు కన్నా 6 సెంటీమీటర్లు పైన ఉంది. ఇన్నాళ్ళూ నన్ను తిట్టుకున్న లారీ డ్రైవర్లందరూ న్యాయమే చేశారు. హంద్రీ ఒడ్డు గారు ఊహించినట్టు డిక్కీలో వేరుశనగ మూట ఒకటి, బియ్యం మూట ఒకటి ఎప్పుడూ ఉంటాయి, ఎత్తు చక్రం ఉందన్న సంగతే నేను మరిచిపోయాను. మోటారు పనిచేస్తోంది. మూటలతో వచ్చేటప్పుడు 2 మీద పెడుతున్నాను.

పోయిన ఆదివారం అదే సమయానికి ఘాట్ దిగాను. వెలుగు మునుపటంత తెల్లగా లేదు, పక్కన కూర్చున్న తమ్ముడు ఇదేమిటి తగ్గించావు అన్నాడు. కానీ మలుపు దగ్గర రాతిగోడకు వేసిన నలుపు తెలుపు పట్టీలు ముందే కనిపించాయి, కింది దాకా ఒక్కరు కూడా డిప్పర్ కొట్టలేదు.

ఒక్క లోపం మిగిలింది. ఎడమ దీపాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవి విరిగి ఉంది, మర తిప్పినా గతుకుల రోడ్డు మీద మళ్ళీ జారుతోంది. పాత సామాను అంగట్లో అదే మోడలు దీపం ఒకటి తక్కువ ధరకు ఉంది. తీసుకోవచ్చా?

ఆటోనగర్ పాతకాపు (అనంతపురం):

లోపలి గిన్నె మెరుపు చూసి, మూడు చెవులూ చేత్తో కదిపి చూసి, వెనక ముద్ర మీ కుడి దీపం ముద్రతో సరిపోతేనే తీసుకోండి. కుడి స్టీరింగు బండిదే అయి ఉండాలి. ఎడమ స్టీరింగు దేశాల దీపంలో అంచు కుడివైపుకు లేస్తుంది, అది బిగిస్తే మళ్ళీ మొదటికే వస్తారు. బిగించాక గోడ దగ్గరకు ఇంకొకసారి వెళ్ళండి.